తిరగేసి రాసే మేష్టారు

స్టాంపుల మేష్టారు ఏ బడిలోనూ ఎవరికీ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఆయన చేసిందల్లా రబ్బరు స్టాంపులు చెక్కడమే. కాకపోతే స్టాంపు కోసం వచ్చినవాళ్ళు చీటీ మీద తప్పులు రాసుకొస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఒత్తేదయ్యా? ఒత్తు లేకపోతే నీ పదవి నిలుస్తుందా?" అని కేకలేసి, దిద్ది మరీ చెక్కేవారు. అలా దిద్దీ దిద్దీ మేష్టారైపోయారు.

పెద్ద కచేరీ వెనక సందులో, కాళ్ళు చాపితే గోడకు తగిలేంత కొట్టు ఆయనది. ముప్పై ఐదేళ్ళు అందులో కూర్చుని, రబ్బరు ముక్క మీద అక్షరాలు తిరగేసి రాసి, సన్న చాకుతో చుట్టూ తవ్వేవారు. తిరగేసి ఎందుకంటే, స్టాంపు మీద తిరగబడి ఉంటేనే కాగితం మీద తిన్నగా పడుతుంది మరి! వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుండగా సందు చివర ఒక మిషను వచ్చి కూర్చుంది. పేరు చెబితే చాలు, అయిదు నిమిషాల్లో స్టాంపు చేతిలో పెడుతుంది. దానికి ఒత్తూ అక్కర్లేదు, మర్యాదా అక్కర్లేదు. రెండేళ్ళ కిందట మేష్టారు కొట్టు కట్టేసి ఇంటికొచ్చేశారు.

ఇంటికొచ్చిన మనిషి ఊరికే ఉంటారా? తలుపుల బందులన్నీ విప్పి మళ్ళీ బిగించారు. శుభ్రంగా నడుస్తున్న గోడ గడియారాన్ని బాగుచేసి పాడుచేశారు. పైకి ఎన్ని వేషాలు వేసినా లోపల మాత్రం ఆయన్ని ఒకటే మాట తొలుస్తూ ఉండేది: ఈ చెయ్యి ఇక ఎవరికైనా పనికొస్తుందా, రాదా?

ఆయన భార్య మాత్రం క్షణం తీరిక లేని మనిషి. కుట్టు పని చేసుకుంటూనే క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే చెక్క బొమ్మలు చెయ్యడం మొదలెట్టిందావిడ. వీధి మలుపులో ఉన్న వడ్రంగి, మిగిలిన పల్చటి చెక్కల్లోంచి చుక్కలు, గంటలు, పిట్టలు, చేపలు కోసి ఇస్తాడు. వాటిని ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లరంగు పూసి, ఆరాక బొమ్మ వేసి, వార్నీషు పట్టించి, బెజ్జంలో దారం కడుతుంది. ఆవిడ పిట్టకి కన్ను పెట్టిందంటే అది మిమ్మల్నే చూస్తుంది. రుద్దడం మాత్రం మేష్టారి వంతు. "మీరూ ఒక కుంచె పట్టుకోండీ" అంటే, "బొమ్మలు నాకెక్కడొస్తాయే, నాకొచ్చింది అక్షరాలే" అని ఉప్పుకాగితం అందుకునేవారు.

అదిగో, ఆ అక్షరాలకే కాలం కలిసొచ్చింది. మేడ మీది వాటాలో ఉండే పెద్ద నర్సు ఒకరోజు దిగి వచ్చింది.

"పిన్నిగారూ, మా పిల్లల వార్డులో ఈసారి పెద్ద చెట్టు పెడుతున్నాం. ఇరవై నాలుగు మంచాలు, ఇరవై నాలుగు బొమ్మలు కావాలి. ఒక వైపు బొమ్మ, రెండో వైపు పిల్లల ముద్దుపేరు. పేర్లకి స్టిక్కర్లు కొట్టిద్దామని ఆఫీసువాళ్ళు అన్నారు గానీ నాకు మనసొప్పలేదు. చేత్తో రాస్తేనే అందం. బాబాయిగారు రాయగలరా?"

రాయగలరా అని అడగడమేమిటి! మేష్టారికి నెత్తిన పాలు పోసినట్టయింది. "రాయగలనా? రాస్తానమ్మా!" అని అప్పటికప్పుడే నమూనాకి ఒక చుక్క అందుకున్నారు. భార్య పెన్సిల్‌తో సన్నగా గీసింది, ఆయన ఊపిరి బిగబట్టి ఎర్ర రంగు నింపారు. పెద్ద నర్సు చూసి, బాగుందంది. పేర్ల చీటీ చేతిలో పెట్టి, మంగళవారం సాయంత్రం నాలుగింటికల్లా వార్డుకి తెచ్చివ్వాలంది.

ఇక ఆ ఇంట్లో కాలు నిలిస్తే ఒట్టు! వారం రోజులు వంటింట్లో గట్టు మీద కూడా చెక్క పొడే. ఇరవై నాలుగు బొమ్మలూ ఆవిడ వేసేసింది. సోమవారం పొద్దున దారాలు కొనడానికి బయల్దేరుతూ, "ఏమండీ, నేనొచ్చాక పెన్సిల్‌తో గీసిస్తాను, అప్పుడు రాద్దురు గానీ. నిదానమే ప్రధానం" అని చెప్పి మరీ వెళ్ళింది.

చెబితే వింటే ఆయన మేష్టారెందుకవుతారు? ఆవిడ గుమ్మం దాటిందో లేదో బొమ్మలన్నీ బోర్లా పరిచి, పేర్ల చీటీ ముందు పెట్టుకుని, సన్న కుంచె రంగులో ముంచారు. బుజ్జి. కుంచె ఆగలేదు. చిట్టి. పండు. టింకూ. అబ్బ, ఏం నడక! రెండేళ్ళుగా కట్టేసిన చెయ్యి కట్లు తెంపుకున్నట్టు పరుగెత్తింది. ఒంపు ఒంపులాగా, తలకట్టు తలకట్టులాగా పడుతోంది. ముగ్గురు బుజ్జిలు, ఇద్దరు చిట్టిలు, ఒక బంగారం, ఒక రాకాసి (వాళ్ళమ్మ అలాగే పిలుస్తుందట, మనమేం చేస్తాం!) అందరూ అయిపోయారు. ఫ్యాను కింద రంగు ఆరగానే వార్నీషు కూడా పట్టించేశారు. తడి ఆరకుండానే రెండింటిని పాత న్యూస్‌పేపరు మీద బోర్లించారు కూడా, అంత హుషారు.

పదకొండింటికి ఆవిడ దారాల పొట్లంతో వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"రావే రా! చూద్దువు గాని! మొత్తం అయిపోయాయి! ఈ చెయ్యి ఇంకా చావలేదే!"

ఆవిడ సంబరంగా ఒక గంట బొమ్మ చేతిలోకి తీసుకుంది. దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. కళ్ళద్దాలు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఏమండీ, ఇదేం భాషండీ?"

"వేళాకోళమా? పండు అని రాశాను, చదవలేవా?"

"సున్న ఒక్కటే సరిగ్గా ఉందండీ. అటూ ఇటూ ఉన్నవన్నీ తిరగబడ్డాయి."

మేష్టారు లాక్కుని చూశారు. ఆయన కంటికి అది పండే. ముప్పై ఐదేళ్ళుగా ఆ కన్ను చదివింది అలాగే మరి! చీటీ పక్కన పెట్టి ఒక్కో గీతా పోల్చుకుంటే గానీ తెలిసిరాలేదు. ఇరవై నాలుగు పేర్లు, ఇరవై నాలుగూ తిరగేసి రాసేశారు. సంతోషంలో మనసు తన దారిన పోయింది, చెయ్యి దాని పాత దారిన అది పోయింది.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసుకుంది.

"ఏమైందిప్పుడు? రేపు సాయంత్రం దాకా టైముంది. రుద్దేసి మళ్ళీ రాయండి" అంది.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, అసలు కష్టం అక్కడే మొదలైంది. ఒక బుజ్జిని రుద్దేసి తిన్నగా రాయబోతే చెయ్యి మొరాయించింది. ఒంపు తిరగాల్సిన చోట ఆగిపోతుంది, ఆగాల్సిన చోట జారిపోతుంది. ముప్పావుగంట తంటాలు పడి రాసింది చూస్తే నిన్నగాక మొన్న పలక పట్టినవాడి రాతలా ఉంది. మేష్టారు కుంచె కింద పెట్టేశారు.

"స్టిక్కర్లే కొట్టించుకోమని చెప్పేసిరా" అన్నారు గోడవైపు తిరిగి. "నా చెయ్యి తిరగేస్తే తప్ప పనికిరాదే. తిరగేసిన పేర్లతో లోకంలో ఎవరికేం పని?"

ఆ మాట ఆవిడ తట్టుకోలేకపోయింది. చేతులు ఊరికే ఉండలేక, కింద పరిచిన న్యూస్‌పేపర్లు ఎత్తడం మొదలెట్టింది. పచ్చి వార్నీషు మీద బోర్లించిన చేప పేపరుకి అతుక్కుపోయింది. పట్టుకుని లాగితే చర్రుమని ఊడొచ్చింది. ఊడిన చోట, పేపరు అంచున తెల్లటి ఖాళీలో, ఎర్రగా ఏదో పడింది.

"టింకూ" అని చదివింది ఆవిడ. "ఏమండీ! ఇది తిన్నగానే ఉందిగా!"

మేష్టారు గిరుక్కున తిరిగారు. పేపరు చూశారు, చేప చూశారు, మళ్ళీ పేపరు చూశారు. ఆ తర్వాత అరవై మూడేళ్ళ మనిషి ఆ గదిలో ఎగిరి గంతేశారంటే మీరు నమ్మరు.

"ఓసి పిచ్చిదానా! ఓసి నా బుర్రా! ఇవి పేర్లు కావే, స్టాంపులు! సగం పని అయిపోయింది! నా చాకుల పెట్టె ఎక్కడుందే?"

మంచం కింది నుంచి పెట్టె వచ్చింది. సన్న చాకు, వంకర చాకు, గోరంత ఉలి. మేష్టారు కిటికీ దగ్గర బాసింపట్టు వేసుకుని అక్షరాల చుట్టూ తెల్లటి చెక్కని తవ్వేయడం మొదలెట్టారు. తవ్వేకొద్దీ ఎర్ర అక్షరాలు గట్టు కట్టి పైకి లేచాయి. ముందువైపు ఆవిడ పిట్ట, వెనకవైపు ఆయన స్టాంపు. రుద్దేసిన బుజ్జిని మళ్ళీ రుద్ది, తెల్లరంగు పూసి, ఈసారి హాయిగా తిరగేసే రాశారు. పొద్దు వాలేలోపు పది, మర్నాడు మధ్యాహ్నానికి మిగతా పద్నాలుగూ. ఆవిడ దారాలు కడుతూ, ఒక్కోటీ ప్యాడ్ మీద అద్ది కాగితం మీద వేసి, తిన్నగా పడగానే కేకపెట్టేది. పక్కవాటా వాళ్ళు ఏం కొంప మునిగిందోనని రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు.

నాలుగింటికి ఇద్దరూ వార్డులో ఉన్నారు. ఖాళీ చెట్టు కిటికీ పక్కన నిలబడి ఉంది. పెద్ద నర్సు ఒక చుక్క అందుకుని వెనక్కి తిప్పింది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా జారిపోవడం మేష్టారు చూశారు.

"బాబాయిగారూ, ఇవి తిరగబడి ఉన్నాయండీ. పిల్లలు చదువుకోలేరు కదా" అంది, నొప్పించకూడదని చాలా మెల్లగా.

మేష్టారు సంచీలోంచి స్టాంపు ప్యాడ్ తీసి, మొదటి మంచం మీది పిల్ల దగ్గరికి నడిచారు. తలకి కట్టుతో, తొమ్మిదేళ్ళుంటాయి. "నీ పేరేంటమ్మా?"

"రాకాసి" అంది ఆ పిల్ల గర్వంగా.

ఆ పేరున్న గంట బొమ్మ వెతికి ఆమె చేతికిచ్చి, ప్యాడ్ చూపించారు. పిల్ల అద్దింది. తన మోచేతి మీద గట్టిగా నొక్కింది. తీసి చూసుకుంది. నీలంగా, తిన్నగా, ఒంపులతో సహా: రాకాసి.

"ఒరేయ్!" అని ఒక్క అరుపు అరిచింది చూడండీ, వార్డు వార్డంతా లేచి కూర్చుంది!

ఆ తర్వాత జరిగినదాన్ని ఏమంటారో నాకు తెలీదు. నాదేదంటే నాదేదని గోల. టింకూ తన కాలికి వేసిన పిండికట్టు నిండా టింకూలే కొట్టుకున్నాడు. ముగ్గురు బుజ్జిలూ ఎవరి బుజ్జి ఎవరిదో తేల్చుకోలేక దెబ్బలాడుకున్నారు. దుప్పట్ల మీద, మందు చీటీల మీద, చివరికి అటుగా వచ్చిన డాక్టరు తెల్లకోటు మీద కూడా ఒక చిట్టి పడింది. పెద్ద నర్సు ఆపుతున్నట్టు నటిస్తూనే కళ్ళు తుడుచుకుంది.

"బాబాయిగారూ, ఇక్కడ వారం వారం కొత్త పిల్లలు వస్తుంటారు. ప్రతి సోమవారం ఇక్కడికే వచ్చి చెక్కిపెడతారా? కిటికీ దగ్గర బల్ల వేయిస్తాను. మీరు చెక్కుతుంటే చూస్తారు, సూది గుచ్చినా తెలీదు వాళ్ళకి."

"వస్తానమ్మా" అన్నారు మేష్టారు.

"ఏమండీ, ఇది పై కొమ్మకి! ఏమండీ, అది పక్కకి!" అంటూ ఆవిడ అందించిన బొమ్మలన్నీ చెట్టెక్కాక రాకాసి కిందనుంచి పైదాకా చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"తాతా, మరి నీదేది?"

"నాకెందుకమ్మా? స్టాంపులు ఆఫీసర్లకి గానీ. నేనే ఆఫీసర్నీ కాదు."

"మేమూ కాదుగా!"

మేష్టారు తెల్లముఖం వేశారు. నిజమే. వేల మందికి పేర్లూ పదవులూ చెక్కారు గానీ, తనకంటూ ఒక స్టాంపు ఎన్నడూ చెక్కుకోలేదు. భార్య సంచీలో అడుగున మిగిలిన చెక్క బిళ్ళ ఒకటి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఏం రాయమంటారు మరి?" అన్నారు పిల్లలవైపు తిరిగి. "నా పేరు మీకు తెలీదుగా."

"ఎందుకు తెలీదు? అవ్వ ఇందాకట్నుంచి పిలుస్తూనే ఉందిగా" అంది రాకాసి. "ఏమండీ!"

వార్డంతా ఘొల్లుమంది. ఆవిడ సిగ్గుతో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేష్టారు మాత్రం నవ్వలేదు. సంచీలోంచి రంగూ, కుంచే, చాకూ తీసి ఒక్క ఊపులో రాశారు. ఆరేదాకా ఊది, మంచం అంచున కూర్చుని చెక్కారు. ఇరవై నాలుగు తలలు ఆ చేతి మీదకి వంగి, ఊపిరి తీయడం మానేసి చూశాయి. అయిపోయాక ఆయన బిళ్ళని ప్యాడ్ మీద అద్ది, కాగితం కోసం చుట్టూ చూశారు.

ఆవిడ తన అరచెయ్యి చాపింది.