అన్నం వడ్డించిన ఆవిడ గురించి

మీ అమ్మ ఫోన్ మీ చేతికిచ్చినప్పుడల్లా నేను "తిన్నారా? చలిగా ఉందా?" అని అడిగి ఊరుకుంటాను. అమెరికాలో పడమటి చివరున్న మీ డబ్లిన్‌లో పెద్ద చలి ఉండదని తెలిసినా అదే అడుగుతాను.

ఇక్కడ తూర్పు చివర క్యారీ ఊళ్ళో మీ మావయ్యా అత్తా ఆఫీసులకి వెళ్ళిపోయాక ఇంట్లో డిష్‌వాషర్ చప్పుడొక్కటే. అదీ ఆగిపోతే ఇంకేం ఉండదు. కారు నడపడం రాని మనిషి ఎక్కడికి పోతుంది? అందుకే పెద్దదానివి నువ్వు, "అమ్మమ్మా, ఫిల్మ్ క్లాస్‌కి ఒక పాత జపాన్ సినిమా మీద పేపర్ రాయాలి. శనివారం వీడియో కాల్‌లో కలిసి చూద్దామా?" అన్నప్పుడు, ఆ రోజు మంచి చీర తీసి కట్టుకున్నాను. మీకు కనిపించేది మెడ దాకానే అయినా.

కత్తులూ గుర్రాలూ ఉన్న కాలం నాటి కథ. యుద్ధానికి బయలుదేరే ముందు ఒకాయన ఇంట్లో అన్నం తింటున్నాడు. భార్య చెక్కగిన్నె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వడ్డిస్తోంది.

"ఫైట్ ఎప్పుడొస్తుంది అమ్మమ్మా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వాగరా! చూడమ్మమ్మా, మాట్లాడేవాళ్ళందరూ మగాళ్ళే. ఆవిడకి ఒక్క డైలాగ్ లేదు. ఆవిడ క్యారెక్టర్ కాదు, ఫర్నిచర్."

"అక్కా, అమ్మమ్మ కూడా మాట్లాడట్లేదు. అమ్మమ్మ కూడా ఫర్నిచరా?"

మీరిద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కాల్ అయిపోయాక బట్టలు మడతపెడుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉండిపోయింది.

మీరు చేస్తే ఎత్తడమే గానీ నా అంతట నేను మీకెప్పుడూ ఫోన్ చేయలేదు. బుధవారం చేశాను.

"ఏమైందమ్మమ్మా? మావయ్య ఓకేనా?"

"అందరూ బాగానే ఉన్నారే. ఆ సినిమాలో ఆవిడ గురించి..."

"అయ్యో, పేపర్ సబ్మిట్ చేసేశానమ్మమ్మా! ఇప్పుడు క్లాస్ స్టార్ట్ అవుతోంది. మళ్ళీ చేస్తా, బై!"

మళ్ళీ చేయలేదు. నీ చదువు నీకుంటుంది. అందుకే ఇలా రాస్తున్నాను, మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

ఆవిడకి మాటలివ్వలేదన్నావు, నిజమే. కానీ ఆయన చాలని చెయ్యి అడ్డం పెట్టాక కూడా ఆవిడ ఇంకొంచెం వడ్డించింది, చూశావా? ఆయన తింటున్నంతసేపే కదా ఇంట్లో ఉండేది! మీ తాతయ్య లారీ తీసుకుని వారాల తరబడి పోయే ముందు నేనూ అంతే. ఊరగాయకి ఒకసారి లేచేదాన్ని, మజ్జిగకి ఇంకోసారి. ఆయనకి తెలుసో తెలియదో, నేను అడగలేదు.

తర్వాత సినిమా ఆయన గుర్రం వెనకాలే పోయింది. మళ్ళీ ఆ ఇంటి వైపు రాలేదు. నీకు కోపం రావడంలో తప్పేం లేదు. గుర్రాలు పోతుంటే నాకూ ఆ ఇంట్లోనే ఉండిపోవాలనిపించింది. ఆవిడ ఆ గిన్నె ఎప్పుడు కడుక్కుందో, తను తిన్నదో లేదో, ఎవరితో మాట్లాడిందో చూడాలనిపించింది.

ఈ శనివారం సినిమా ఏమీ లేకపోయినా కాల్ చేయండి. తిన్నారా అని అడగను. మీరే నన్ను ఏదైనా అడగండి. నా గొంతు చిన్నది, కాస్త వాల్యూమ్ పెంచుకోండి.