పచ్చ అంటే ఏ రంగు?

జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి రంగుల మీద పోట్లాడిన రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

నాది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫ్యాక్టరీల్లో మిగిలే ప్రమాదకరమైన రసాయన వ్యర్థాలు డ్రమ్ముల్లో లారీ ఎక్కి, ఊరవతల శుద్ధి కేంద్రానికి చేరేదాకా ఒక్కో లోడుకు ఏడు రంగుల కాగితాలు నడిచేవి. తెల్లది ఒకరికి, గులాబీది ఇంకొకరికి, నారింజది డ్రైవరుకు. వాటన్నిటినీ ఫోన్లోకి ఎక్కించే పని మా జట్టుకు వచ్చింది.

డ్రైవర్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ డ్రమ్ములే తోలుతున్నాడు. చుక్క కింద పడనివ్వడని పేరు. చదువు అంతంతమాత్రం, కాగితాలను రంగులతోనే గుర్తుపట్టేవాడు.

"కాయితం పోతే నా సీటు గూడ పోతది మేడం," అన్నాడు మొదటి రోజే. "ఫోన్ నడుపరానోళ్లను వచ్చే నెల సంది తీసేస్తమన్నడు మా సేటు."

నాకు పౌరుషం వచ్చింది. చదవనక్కర్లేకుండా చేస్తానన్నాను. తెర మీద కాగితాల రంగుల్లోనే బటన్లు పెట్టాను. ఎప్పుడు ఏది నొక్కాలో ఫోనే చెప్పేట్టు, నల్లగండ్లలో మా ఇంట్లో ఫ్యాన్ ఆపి, దుప్పటి ముసుగేసుకుని నా గొంతే రికార్డు చేశాను. విని, రేడియోలో ఉండాల్సినదాన్ని కదా అని మురిసిపోయాను.

పరీక్ష రోజు డ్రమ్ములు లారీ ఎక్కాయి. గేటు దాటేముందు, సరుకు తీసుకున్నట్టు డ్రైవరు ఒప్పుకోవాలి. "పచ్చది నొక్కండి," అంది ఫోన్. పెద్దాయన నొక్కాడు. వెంటనే అందరి తెరల మీదా ఒకటే మాట: సరుకు శుద్ధి కేంద్రానికి చేరింది.

లారీ మా కళ్లముందే ఉంది. ఇంజనైనా స్టార్ట్ చేయలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

సేటు నెత్తి కొట్టుకున్నాడు. "నేను జెప్పలే? గీయనతోని కాదు. రేపటి సంది వేరేటోణ్ణి పంపుత."

పెద్దాయన మొహం వాడిపోయింది. "మేడం జెప్పిందే ఒత్తిన."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పచ్చది నొక్కమంటే వేరేది నొక్కారేంది అన్నా?"

"పచ్చదే ఒత్తిన."

"అది ఆకు రంగు! డ్రమ్ములు దిగాక నొక్కాల్సింది!"

"ఆకు పచ్చగనే ఉంటది గద మేడం?"

 మా కడప ఇంట్లో పచ్చ అంటే పసుపే. అమ్మకు చామంతి పచ్చ, కామెర్లు పచ్చ. ఈలోగా గేటు కాపలా మనిషి, "పచ్చ అంటే గడ్డే," అన్నాడు. కోస్తా నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు ఊరుకోలేదు. "మరి పచ్చకామెర్లు గడ్డి రంగులో ఉంటాయా అండి?" ఎవరి కుందేలుకు వాళ్లు మూడే కాళ్లన్నారు. చివరికి సేటు కూడా, "మా ఇంట్ల గూడ గిదే లొల్లి," అని నవ్వేశాడు.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు చూసి నాకు సిగ్గేసింది.

"తప్పు ఆయనది కాదు, నాది," అన్నాను సేటుతో. "మొదటి మెట్టు ఎక్కకుండా చివరి మెట్టుకు దూకనిచ్చింది కూడా నేనే. రేపటికి సరిచేస్తాను. ఆయనే నడపాలి."

సేటు కాసేపు గొణిగి, "రేపొక్క రోజు," అన్నాడు.

అప్పటికప్పుడే క్యాబిన్ ఎక్కి, అద్దాలు మూయించి, ఫోన్ పెద్దాయన నోటి దగ్గర పెట్టాను. నాలుగుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని చెప్పాడు: "పస్పు రంగుది ఒత్తు. గడ్డి రంగుది ఇప్పుడే ముట్టకు, డ్రమ్ములు దిగినంక ఒత్తు."

మర్నాడు పెద్దాయన పసుపుది నొక్కి లారీని గేటు దాటించాడు. మధ్యాహ్నానికి మాదాపూర్‌లో నా తెర మీద గడ్డి రంగు వెలిగింది. నేను కుర్చీలోంచి లేచి ఈల వేశాను. మేనేజరు తల తిప్పి చూసినా లెక్కచేయలేదు.

ఇప్పుడు ఆ డ్రైవర్లందరి ఫోన్లలోనూ పెద్దాయన గొంతే. నా రేడియో యోగం ఒక్క రోజుతో సరి. మొన్న గేటు దగ్గర ఆయన లారీ కనబడితే ఆగాను. "పస్పు రంగుది ఒత్తు," అంది ఫోన్.

"ఒత్తుతున్న తీయ్! ఇరవై ఏండ్ల సంది తోలుతున్న, నాకే జెప్తవా?" అని తన గొంతును తానే కసురుకుని, గేరు వేసి వెళ్లిపోయాడు.