సముద్రమ్మీద ఆరేసిన దుప్పట్లు

ఆ రోజుల్లో ఒకరింట్లో పడుకున్నావంటే, తెల్లారి లేసి పక్క దులిపి, నువ్వు కప్పుకున్న దుప్పటి నువ్వే ఉతికి ఆరేసి గానీ గడప దాటకూడదు. దాటేవంటే "దీనికి పుట్టింటోళ్ళు ఏటీ నేర్పలేదు" అనీవోరు. మాది నౌపడ. ఉప్పు మడుల్లో పెరిగినదాన్ని, ఉతుకుడంటే నాకు మహా సరదా (ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవు, అది వేరే సంగతి). ఆ సరదాయే ఒకసారి మా ఆయన ఉజ్జోగం మీదకి తెచ్చింది.

అప్పటికి పెళ్ళయి నాలుగు నెల్లు. మా ఆయన సాలూరులో ఒక సావుకారి దగ్గిర లారీ తోలీవోడు. ఆ సావుకారి కూతురు పెళ్ళి విశాఖపట్నంలో, సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో సేసేరు. సామాను లారీలో ఏసుకుని మేమిద్దరం ఎల్లేం. ఎవరో సుట్టాలు రాలేదని ఒక గది మిగిలిపోయింది. "ఊరికే పోతాది, మీరు పడుకోండ్రా" అన్నాడు సావుకారు. అక్కడితో ఊరుకోలేదు. "సూడు, మగపెళ్ళివోరు ఈ వరసలోనే దిగేరు. మీ వల్ల నా పరువు పోయిందా, లారీ తాళం నా సేతిలో ఎట్టీసి సాలూరు నడిసి ఎల్లిపో" అన్నాడు. మా ఆయన ఆ మెత్తటి మంచమ్మీద లారీ సీట్లో కూకున్నట్టే బిగుసుకుని పడుకున్నాడు.

పొద్దున్నే ఆయన లారీ సూసుకోడానికి ఎల్లేడు. నేను లేసి సూద్దును గదా, తానాల గదిలో తెల్లటి తొట్టి, మనిషి పడుకునేటంతది. (ఇది రాస్తన్న మా మనవరాలు "అది స్నానానికే అమ్మమ్మా" అని నవ్వుతన్నాది. నవ్వుకోనీ. తొట్టిలో పడుకుని తానం సేస్తారని నాకెవలు సెప్పేరు?) కుళాయి తిప్పితే వేడినీళ్ళు. దుప్పట్లు, తువ్వాళ్ళు, తలగడ గలీబులు అన్నీ అందులో ఏసి, సీర ఎగ్గట్టి, సబ్బుబిళ్ళ అరిగిపోయేదాకా రుద్ది తొక్కేను. ఆరేద్దామంటే దండెం లేదు. ఎదరేమో బాల్కనీ, దాని ముందు సముద్రం, గాలి, ఎండ. మా ఉప్పుకి కూడా అంత ఎండ దొరికీది కాదు. కటకటాల పొడుగునా పరిసేసేను. ఆ సివర మా ఆయన ఎర్రగళ్ళ లుంగీ.

"ఏటే పిల్లా" అని పక్క బాల్కనీలోంచి పిలుపు. సావుకారి తల్లి, సేతిలో తడి సీరతో నిలబడింది. "పొద్దున్నించి దీన్ని పట్టుకుని తిరుగుతన్నాను. పూజకి మడి సీర ఆరాలి. మా వోడినడిగితే మిషన్లో ఏసి ఇస్తారంట. ఎవలెవలి బట్టలతోనో కలిపా? ఒక్కదాన్నీ పరవలేను, ఈ కొస పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఆవిడ బాల్కనీ నుంచి నా బాల్కనీ దాకా కట్టీసేం. గాలికి తెరసాపలాగ ఉబ్బింది.

కింద పచ్చికలో మగపెళ్ళివోరు టిఫిన్లు తింటన్నారు. ఒకడు తలెత్తేడు, తరవాత అందరూ ఎత్తేరు. మా ఆయన పరిగెత్తుకుంటా పైకొచ్చేడు. "ఒసే, ఏటే ఇది? నా కొంప ముంచీసేవు గదే" అన్నాడు. ఎనకాలే సావుకారు, ఆయనెనక హోటల్ మేనేజరు. సావుకారి మొకం మిరపకాయ. మా ఆయన లారీ తాళం తీసి సేతిలో పట్టుకున్నాడు.

"ముందు ఆ గుడ్డలన్నీ లాగీయండి" అన్నాడు సావుకారు.

"ఒరే, ఆ సీర మీద సెయ్యేసేరంటే ఊరుకోను" అంది పక్క బాల్కనీ. "అది నాది. మడి."

సావుకారు సీర సూసేడు, తల్లిని సూసేడు. కిందనున్న వియ్యంకుడిని కూడా సూసేడు. అన్నిటికన్నా పొడుగ్గా ఎగురుతన్నది వాళ్ళమ్మ సీరే మరి.

"ఆరేదాకా ఎవలూ ముట్టుకోకండి" అన్నాడు మేనేజరుతో. తిరిగి మా ఆయనతో, "తాళం జేబులో ఎట్టుకోరా, పడిపోగల్దు" అన్నాడు.

ఆ తరవాత ఎన్నిసార్లు ఆ సముద్రం రోడ్డెంట లారీ ఎల్లినా, నేను పక్కనుంటే సాలు, ఆ బాల్కనీ కిందకొచ్చేసరికి మా ఆయన హారన్ కొట్టీవోడు. "నీ దండెమే, సూసుకో" అనీవోడు.

ఆయన పోయి సాన్నాళ్ళయింది. మొన్న మనవరాలి స్కూటీ మీద అటే ఎల్లేను. హోటలంతా అద్దాలు. ఒక్క బాల్కనీలో గుడ్డముక్క లేదు, అంత ఎండా ఒట్టినే పోతన్నాది. "ఒకసారి హారన్ కొట్టే" అన్నాను.

కొట్టింది. "అక్కడెవరున్నారు అమ్మమ్మా?" అంది.

"నేనున్నానే" అన్నాను, "సీర ఎగ్గట్టుకుని."