మామగారు చూసిన రివాల్వర్

మామగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున మా ఆడపడుచు ఫోన్ చేసి చెప్పింది. నేను ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లో ఉన్నాను. తిరగాల్సిన చోట తిరగకుండా ఫ్రిస్కో ఊరే దాటి పోయి, ఏదో షాపు పార్కింగ్‌లో ఆపి కూర్చున్నాను. మా ఆయన ఆ సాయంత్రమే ఇండియాకి విమానం ఎక్కారు. పిల్లల పరీక్షలని నేను ఆగిపోయాను. అప్పట్నుంచి ఏ గదిలోనూ కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మామగారు ముప్పై ఏళ్లు జిల్లా పోలీసు ఆయుధాగారంలో తుపాకులు బాగుచేశారు. రెండేళ్ల కిందట ఆర్నెల్లు మా దగ్గరుండటానికి వచ్చినప్పుడు, మా కొత్త ఫ్రిజ్‌కి కూడా మొదట వెనకవైపు స్క్రూలే చూశారు. వాటి తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారని లెక్క. "చూసింది ముందు చెప్పు, అనుకున్నది తర్వాత చెబుదువు" అని మనవలతో హోంవర్క్ దగ్గర అనేవారు.

ఆయన పని సంగతి తెలిసి పక్కింటి అమెరికన్ ఆవిడ మమ్మల్ని పిలిచింది. ఆవిడ భర్త పోయి అప్పటికి ఏడాదైంది. అతనికి వాళ్ల తాతగారి నుంచి వచ్చిన పాత రివాల్వర్‌ని అమ్మాలనుకుంటోంది. పాతవి సేకరించే ఒకాయన, అంతా ఒరిజినలేనని రాసిస్తే శనివారం వస్తానన్నాడట. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదని భర్త ఎప్పుడూ చెప్పేవాడట.

మామగారు ముందు సిలిండర్ తెరిచి, గుళ్లు లేవని చూసుకున్నారు. తర్వాత వెలుతురులో చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. గొట్టం మీద అక్షరాల అంచులు పాలిష్‌కి అరిగిపోయాయి. స్క్రూల చుట్టూ ఇనుము కాస్త గుంటపడింది. సిలిండర్ మీది నంబరు, పిడి అడుగున ఉన్న నంబరు వేరు వేరు.

"మళ్లీ పూత వేశారమ్మా. పనివాడు మంచివాడే గానీ ఇది ఒరిజినల్ కాదు. ఆవిడకి చెప్పు," అన్నారు.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. చాలా బాగుందంటున్నారని ఇంగ్లీషులో చెప్పేశాను.

ఇంటికొస్తుంటే, అంతా చెప్పావా అని అడిగారు. చెప్పాను మామగారూ, అన్నాను.

మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కింటికి ఒక్కరే వెళ్లారు. వంటింట్లోంచి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అప్పటికే గుమ్మంలో నిలబడి చెబుతున్నారు. "మేడమ్, గుడ్ గన్. పాలిష్, ఆఫ్టర్. సిలిండర్, అదర్ గన్. నాట్ ఒరిజినల్. సారీ."

ఆవిడ నావైపు చూసింది. తలూపాను.

ఆవిడ ఆ సేకరించే ఆయనకి ఆ మాటే రాసి పంపింది. శనివారం ఎవరూ రాలేదు. కొన్ని వారాలు మాకు చెయ్యి ఊపడం కూడా మానేసింది. చివరికి ఇంకొకాయన, ఉన్నదున్నట్టు తెలిసే కొనుక్కున్నాడు.

మామగారు నా అబద్ధం ఊసెత్తలేదు. కొడుక్కీ చెప్పలేదు. నా పరువు అలా కాపాడారు. ఆయన ఇండియా వెళ్లాక ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఒప్పుకుందామనుకునేదాన్ని. అత్తగారు పక్కనున్నారనో, పిల్లలు ఫోన్ లాక్కున్నారనో మళ్లీ వారానికి వాయిదా వేసేదాన్ని.

నిన్న పక్కింటావిడకి ఆయన పోయారని చెప్పి, ఆ రోజు నేను చెప్పింది ఆయన అన్న మాట కాదని కూడా చెప్పాను. తనకి అప్పుడే తెలుసంది. బాగుందని చెప్పే మనిషి మొహంలా లేదట ఆయన మొహం.

ఆవిడకి చెప్పినా నాకు స్థిమితం రాలేదు. ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. తిరుగుతున్నంతసేపూ ఆ పొద్దుటి దృశ్యమే కళ్ల ముందుంటోంది. నేను తలూపాక ఆవిడ ఆయన్ని లోపలికి పిలిచింది. మామగారు తన కళ్లజోడు తీసి ఆవిడకిచ్చారు. ఆవిడ దాన్ని తన కళ్లజోడు మీదే పెట్టుకుని బల్ల మీదున్న రివాల్వర్ మీదికి వంగింది. ఆయన అగ్గిపుల్ల కొనతో ఆ అరిగిన అక్షరాలను ఒక్కొక్కటే చూపిస్తున్నారు.