తమ్ముడు గెలిచిన ఆట

మొన్న వీడియో కాల్‌లో నా వెనకాల కనబడింది పాత టీవీ కాదర్రా, కంప్యూటరే. బాపట్లలో మీ చిన్న తాతయ్యది, అంటే నా తమ్ముడిది. ఇంకా ఎందుకు పారెయ్యలేదని అడిగారుగా? అందులో ఒక చదరంగం ఉంది. లెక్కల మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచీ వాడు రోజూ దానితోనే ఆడతాడు. ప్రతి ఎత్తుకీ అది అరనిమిషం ఆలోచించుకునేట్టు పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు డ్రా అయ్యేది గానీ ఒక్కసారీ గెలవలేదు.

"ఒక్కసారి దానికి ఆట కట్టేస్తే చాలక్కా" అనేవాడు.

ఆ కంప్యూటర్ ఆన్ అవడానికే బోలెడంత సేపు పట్టేది. తెనాలిలో పాత కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి ఒకామె, అందులో పట్టే ఇంకా వేగమైన ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే చిప్పు, దొరికిందని ఫోన్ చేసింది. వాడు డబ్బాని గోనెసంచిలో పెట్టుకుని రైలెక్కాడు. లోపల ఏముంటుందో చూడాలని నేనూ రేపల్లె నుంచి వెళ్లి షాపులో కలిశాను.

ఆమె ఫ్యాను విప్పి, దాని కింద రెక్కలు రెక్కలుగా ఉన్న లోహపు దిమ్మని పైకి లాగింది. దాని అడుగున ఉప్పు బిస్కెట్టంత ముక్క. మా వాణ్ణి ఇన్నాళ్లూ ఓడించింది ఇదా అనుకున్నాను. దాన్ని తీసి కొత్తది పెట్టి, పైన తెల్లటి పేస్టు పల్చగా పూసింది, తమలపాకుకి సున్నం రాసినట్టు.

"దిమ్మ దాని మీదే ఆనుకుంటుందిగా అమ్మాయ్, మధ్యలో ఈ పూతెందుకు?" అన్నాను.

"ఆనుకున్నట్టే ఉంటుంది పిన్నిగారూ, కానీ సన్నసన్న సందులుంటాయండి. వాటిలో గాలుంటే ప్రాసెసర్ వేడి దిమ్మలోకి ఎక్కదు. ఈ పేస్టు ఆ సందులు పూడుస్తుంది."

"అయితే ఇంకాస్త రాయరాదూ?"

"ఎక్కువైతే అదే అడ్డమండి."

కంప్యూటర్ చకచకా తెరుచుకోవడం మొదలైంది. తమ్ముడు మాత్రం వారం తిరక్కుండానే దిగాలుగా ఫోన్ చేశాడు.

"అక్కా, ఇదివరకటి కంటే ఘోరంగా ఓడిపోతున్నాను. అదే అరనిమిషంలో ఇప్పుడు ఇంకా ముందుకి చూసేస్తోంది."

"శత్రువుని నువ్వే సంచిలో మోసుకెళ్లి, టానిక్కు పట్టించుకొచ్చావు కదరా!"

తర్వాత ఎండాకాలంలో నేను బాపట్ల వెళ్లాను. ఆ మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి చిన్న గాలైనా లేదు. నేను గచ్చు మీద తడిగుడ్డ పెట్టి తుడుస్తుంటే గదిలోంచి కేక.

"అక్కా! ఆట కట్టు!"

బనీనుతోనే వీధిలోకి పరిగెత్తాడు. తెరని ఫోటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపాడు. ఆ రాత్రి అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు దుమ్ము దులుపుదామని డబ్బా పక్క మూత తీశాను. దిమ్మ రెక్కల మధ్య దుమ్ము పేరుకుపోయి, దూది కూరినట్టుంది. ఇంత దుమ్ముంటే ఏమవుతుందో తెలుసుకుందామని తెనాలి అమ్మాయికి ఫోన్ చేశాను.

"బాగా వేడెక్కిపోతుందండి. కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. పని ఆగదు, నిదానిస్తుంది."

నాకు ఆ అరనిమిషం గుర్తొచ్చింది, నిదానిస్తే అందులో అంత ముందుకి చూడలేదు కదా. తమ్ముడికి చెప్పాను. వాడు రంగులేసే బ్రష్షు తెచ్చి, ఒక్కో రెక్కా శుభ్రం చేసి, మళ్లీ ఆడటానికి కూర్చున్నాడు. ఓడిపోయాడు.

"ఏరా, నిన్న గెలిచింది నువ్వా, ఎండా?" అన్నాను.

"కావాలని ఏనుగుని బలిచ్చి గెలిచాను. ఆ ఎత్తు ఎండ చెప్పిందా నాకు?"

"మరి గెలిపించిన దుమ్ముని ఎందుకు దులిపావు?"

"టీ పెట్టక్కా" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

నిన్న అది ఎంత నిదానించి ఉంటుందని ఆ అమ్మాయినే అడిగాను. "అప్పుడు చూసుంటే తెలిసేదండి, ఇప్పుడెలా చెప్పగలను" అంది. తమ్ముడు ఇప్పటికీ రోజూ ఆడుతున్నాడు, రెండో గెలుపు ఇంకా రాలేదు. ఆ మధ్యాహ్నం కంప్యూటర్ చల్లగా ఉండుంటే, ఆ ఏనుగు ఎర అని కనిపెట్టేసేదేనంటారా?