క్షమించానని చెప్పిన తరువాత

ఆసుపత్రి వెనుక భాగాన, నేలకు రెండు మెట్లు దిగువన, దుప్పట్లు మడతపెట్టే గది ఉన్నది. పెద్ద దుప్పటిని ఒక్క మనిషి మడవడం కుదరదు గనుక పనివారు ఇద్దరిద్దరు చొప్పున ఎదురెదురుగా నిలబడతారు. చెరి రెండు కొసలు పట్టుకొని, లాగి, దులిపి, ఒకరి వైపు ఒకరు నడిచి, కొసలు చేతికి అందించి, మరల వెనక్కి నడుస్తారు. రోజుకు మూడు వందల పర్యాయాలు ఎదుటి మనిషి వేళ్లు తగులుతాయి. అందుచేత ఆ గదిలో ఎవరితోనైనా మాటలు మానుకోవచ్చునే గాని, మనిషిని తప్పించుకొని తిరగడం సాధ్యం కాదు.

అక్కడ పదునాలుగు సంవత్సరాలుగా పనిచేస్తున్న ఆమెను అందరూ మడతలక్క అంటారు. ఆమెకు జోడీగా నిలబడేది మైకు. ఉతుకు యంత్రాల హోరును మించిన గొంతు గనుక ఆమెకు ఆ పేరు స్థిరపడింది. మడతలక్క క్రమం తప్పక చర్చిలో ఆరాధనకు వెళ్లేదే గాని, పనిచోట ఎవరికీ వాక్యం బోధించి ఎరుగదు. ఎవరైనా సెలవు పెడితే వారి వంతు పని తాను ముగించేది. తనను తిట్టినవారికి మరునాడు కూడా టీ అందించేది. "నిన్ను తిట్టీ లాభం లేదక్కా. గోడనైతే నాలుగు తిడితే కనీసం పెచ్చయినా ఊడుతుంది" అని మైకు విసుక్కొనేది.

అయిదు నెలల క్రితం, ఒక మంగళవారం ఉదయం, వార్డుల నుండి మాసిన బట్టలు తెచ్చే వ్యాను ఆవరణలో వెనక్కి వస్తూ, అటుగా నడుస్తున్న మడతలక్క భర్తను గోడకు నొక్కివేసింది. ఆయన అదే ఆసుపత్రిలో బాయిలరు చూసుకొనేవాడు. వ్యాను నడుపుతున్నది మైకు తమ్ముడు. ప్రక్క అద్దం విరిగి ఉన్నదనీ, దానిని మార్చవలసినదిగా అతడు రెండుసార్లు వ్రాసి ఇచ్చి ఉన్నాడనీ విచారణలో తేలినందున అతనిపై ఏ చర్యా తీసుకోలేదు.

మూడవనాడు భర్త సమాధి వద్ద ఆమె "అతన్ని క్షమించాను" అన్నది. కంట నీరు రాలేదు. సంఘమంతా ఆ పొడి కన్నులను చూసి, ఎంత బలమైన విశ్వాసమోనని ఆశ్చర్యపడింది. సంఘపెద్ద ఆ సంగతిని మూడు కూడికలలో సాక్ష్యంగా వినిపించాడు. అది పొరుగు సంఘాలకు కూడా ప్రాకింది. నిజమేమంటే ఆమెకు ఏడుపు రాలేదు, అంతే. కోపమూ రాలేదు. తిమ్మిరెక్కిన కాలితో నడిచే మనిషి వలె, అడుగు పడినదో లేదో కన్నులతో చూసి తెలుసుకొనవలసి వచ్చేది. ఉదయం అయిదున్నరకు యథాప్రకారం మోకరించేది. మాటలు వచ్చేవి. వాటి వెంట ఏదీ వచ్చేది కాదు. అయినను ఆ వేళను ఒక్కనాడైనా తప్పించలేదు.

ఆనాటి నుండి మైకు ఆమెతో మాట్లాడలేదు. ఎదుట నిలబడి, కొసలు అందించి, తల ప్రక్కకు త్రిప్పుకొనేది. అయిదు నెలల తరువాత ఒక గురువారం మధ్యాహ్నం, కొస అందించకుండా నిలిచిపోయింది.

"నువ్వన్న మాట మా ఇంట్లో ఏం చేసిందో తెలుసా అక్కా?"

"చెప్పు."

"మావాడు గదిలోంచి బయటికి రావట్లేదు. రోజూ ఎవరో ఒకళ్లు రావడం, ఆ మహాతల్లి నిన్ను క్షమించిందిరా, ఎంత అదృష్టవంతుడివో అనడం, పోవడం. నువ్వు చెంప పగలగొట్టినా బాగుండేది, ఏడ్చి ఊరుకునేవాడు. సోమవారం పొద్దున పనిలో చేరకపోతే పేరు కొట్టేస్తామని కాగితమొచ్చింది. కొట్టేశారంటే వాడిక మంచం దిగడు. మా నాన్న అలాగే పోయాడు."

మైకు గొంతు అంత సన్నగా పలకడం ఆ గదిలో ఎవరూ ఎరుగరు.

"సాయంత్రం వస్తాను" అన్నది మడతలక్క.

"వచ్చి మళ్లీ క్షమిస్తావా?"

"లేదు. ఊరికే కూర్చుంటాను."

సైకిళ్లు బాగుచేసే కొట్టు పైన, రెండు గదుల ఇల్లు వారిది. లోపలి గది తలుపు మూసి ఉన్నది. మడతలక్క దాని ఎదుట ముక్కాలిపీట వేసుకొని, మైకు ఇచ్చిన కూరగాయలు తరిగి, గంట తరువాత లేచి వెళ్లింది. శుక్రవారం కూడా అంతే. శనివారం లోపలినుండి గొంతు వినిపించింది.

"ఎందుకొస్తున్నావక్కా? జాలి పడ్డానికా?"

"జాలి కూడా లేదు తమ్ముడూ. నీ సంగతి మీ అక్క చెప్పింది. వచ్చాను."

కొంతసేపటికి తలుపు తెరచుకొన్నది. చొక్కా వదులై, గడ్డం మాసి, అతడు గుమ్మంలో నిలబడినాడు.

"క్షమించానన్నావట కదా."

"అన్నాను. అనాల్సిన మాటని తెలుసు కాబట్టి అన్నాను. క్షమించినట్టు నాకింకా అనిపించలేదు. కోపమూ రాలేదు. ఏదీ రాలేదు. వస్తే ముందు నీకే చెప్తాను."

"మరి వాళ్లంతా..."

"నేను ఏడవకపోవడం వాళ్లకి గొప్పగా కనిపించింది. కాదని నేను చెప్పలేదు. అది నా తప్పు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. దాని ప్రకారం నడుచుకోవడం వరకే నా చేతిలో ఉంది. తక్కింది ప్రభువే చూసుకోవాలి."

అతడు ఆమె ముఖాన్ని పరిశీలించి చూచినాడు. అయిదు నెలలుగా ఎవరూ అతనితో ఇంత మామూలుగా మాట్లాడలేదు.

వంటగదిలోనుండి మైకు అరిచింది. "తలుపు తీశావు కదా, అదే చేత్తో ఆ గడ్డం కూడా తీసేయి. లోపలున్నది తమ్ముడో ఎలుగుబంటో తేలిపోతుంది!"

అతడు నవ్వలేదు గాని, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. కంచం ముందుకు లాక్కొన్నాడు. రెండు ముద్దల తరువాత, "ముందుకైతే నడపగలనక్కా. వెనక్కి నడపలేను. ఆ గేరు వేయాలని అనుకుంటేనే చెయ్యి చల్లబడిపోతోంది" అన్నాడు. ఆమె ఊకొట్టినదే గాని ధైర్యం చెప్పలేదు. చెప్పడానికి తన వద్ద ధైర్యమేమీ లేదు.

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్ద ఆమెను ప్రక్కకు పిలిచినాడు.

"వచ్చే వారం పెద్ద కూడిక ఉందమ్మా. నీ సాక్ష్యం నీ నోటనే వినిపిస్తే బాగుంటుంది."

"అయ్యా, ఆ మాట ఇక ఎక్కడా చెప్పకండి. ఏడుపు రాక ఏడవలేదు, అంతే."

"అలా అనకమ్మా. దానివల్ల ఎంతమంది బలపడ్డారో నీకు తెలియదు."

"తెలియదండీ. ఒకడు మంచాన పడ్డాడని మాత్రం తెలుసు."

సంఘపెద్ద కళ్లజోడు తీసి, తుడిచి, మరల పెట్టుకొన్నాడు. "ఇక చెప్పనమ్మా" అన్నాడు.

సోమవారం ఎనిమిది గంటలకు వ్యాను మాసిన బట్టల మూటలతో ఆవరణలోనికి వచ్చింది. ప్రక్క అద్దం క్రొత్తది. గడ్డం గీసిన ముఖంతో మైకు తమ్ముడు లోపల ఉన్నాడు. మూటలు దించవలెనంటే బండిని గోడ వెంబడి వెనక్కి నడిపి తలుపునకు ఆనించాలి. బండి కదలలేదు. ఇంజను మాత్రం తిరుగుతున్నది. సూపర్వైజరు గడియారం చూసుకొన్నాడు. మైకు మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

మడతలక్క చేతిలోని దుప్పటి క్రింద పెట్టి బయటికి వచ్చింది. గోడ దగ్గర, అద్దంలో తాను పూర్తిగా కనబడే చోట నిలబడింది. భర్త పడిన చోటు అక్కడికి నాలుగు అడుగులు. చేయి ఎత్తి ఊపింది.

"రా... రానీ... ఇంకా రానీ..."

బండి మూరెడు కదిలి ఆగింది. మరల కదిలింది. ఆమె చోటు మారలేదు. గుండె దడదడలాడుతుందేమోనని కనిపెట్టి చూసింది. లేదు. బండి దగ్గరకు రాగానే దాని ప్రక్కరేకు మీద అరచేతితో రెండు చరుపులు చరిచింది.

"చాలు!"

ఇంజను ఆగింది. అతడు దిగలేదు. స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు. ఆమె కిటికీ దగ్గరకు నడిచింది.

"రేపు కూడా నిలబడతావా అక్కా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"ఎన్నింటికి?"

"ఎనిమిదింటికే."

"నిలబడతాను. ఇప్పుడు దిగు, మూటలు దించాలి."