ఐదో వేలిముద్ర

మొన్న బేస్తారం కోర్టుల నా ఇజ్జత్ మొత్తం పోయింది. మీరు ఫోన్లల్ల చూసే ఉంటరు. కానీ వాళ్లు చెప్పింది ఒకటి, జరిగింది ఒకటి. చాయ్ పోస్త, కూసోండ్రి. నా నోటితోనే వినుండ్రి. ముందే చెప్తున్న, తప్పు నాదే. అయినా సరే, గా లాయర్ మొఖం యాదికొస్తె ఇంకా ఒళ్లు మండుతనే ఉంది!

నాది క్లూస్ టీంల నౌకరి గదా. దొంగతనమో, ఖూనీనో అయితె జల్ది పోయి, నల్ల పౌడర్ చల్లి, బ్రష్ తిప్పి వేలిముద్రలు లేపుడు నా పని. పదకొండేండ్ల సంది ఇదే చేస్తున్న. మా నాయిన బాయిల బొగ్గు తవ్వి నన్ను ఎమ్మెస్సీ చదివిచ్చిండు. నేను మళ్ల నల్ల పొడిలనే వడ్డ, అది వేరే సంగతి.

మన సుగుణక్క యాదికున్నది గదా, జానపదాలు పాడే సుగుణక్క. గోదావరిఖనిల ఏ పెండ్లి బరాతైనా ఆమె పాట లేంది కదలకపోయేది. రెండేండ్ల కింద ఆమెను ఆమె ఇంట్లనే సంపిండ్రు. ఆ రోజు ఇంటి ముంగట షిఫ్టు దిగిన కార్మికులు యూనిఫాం మీదనే నిలవడి ఏడ్సిండ్రు. నేను లోపట్నే ఉన్న. కండ్లు తుడుసుకుంట పౌడర్ చల్లిన.

ఆమె పాటలు రికార్డు చేసే స్టూడియో ఓనర్‌ను అరెస్టు చేసిండ్రు. వాడు ఒక్కటే మాట మీద ఉన్నడు: "నేను ఆ ఇంట్ల ఎన్నడు అడుగువెట్టలె." మరి ఆమె బెడ్‌రూం బీరువా అద్దం మీద వాని వేలిముద్ర ఎట్లొచ్చింది? అది లేపింది నేనే. ఆ అద్దం మీద మొత్తం ఐదు దొరికినయ్. మూడు సుగుణక్కవే. నాలుగోది వానిది. ఐదోది ఎవరిదో తెల్వలె.

గా ఐదోది పెట్టిన తిప్పలు మామూలు తిప్పలు కాదు!

అసలు పద్ధతి ఏందంటె, ఆ రూంలకు ఎవరెవరు వొయ్యిండ్రో అందరి వేలిముద్రలు తీస్కోవాలె. దొరికిన వాటిల వాళ్లయి తీసి పక్కకు పెట్టాలె. నేను ఒక్కర్ని ఇడువలె. ఎస్సై సారుయి తీస్కున్న. కానిస్టేబుళ్లయి తీస్కున్న. ముందుగాల చూసిన పక్కింటి అవ్వ "నేనేం చేసిన బిడ్డా" అని ఏడుస్తుంటె బుదరకిచ్చి తీస్కున్న. ఫొటోలు తీసే మా శంకరన్న "నన్ను గూడనా?" అన్నడు. "రూలంటె రూలే అన్న" అని ఆయన పది వేళ్లకు ఇంకు పూసిన. ఐదోది ఎవ్వరితోని కలువలె. కంప్యూటర్ల పాత దొంగలందరితోని పోల్చినం. ఊకున్నది.

ఇగ టీవీలోళ్లకు పండుగే. నల్ల కోటు వేసుకున్న మనిషి బొమ్మ, మొఖం కాడ ప్రశ్న గుర్తు. "ఎవరా ఐదో మనిషి?" అని రోజూ గంట గంటకు. సుగుణక్కను స్టూడియోకు తీస్కపోయే షేర్ ఆటో సమ్మయ్యను మూడుసార్లు స్టేషన్‌కు పిలిచిండ్రు. పాపం ఆయన ఆటో ఎక్కుడు బంద్ చేసిండ్రు జనం. మా అత్తమ్మయితె రోజూ బువ్వ తినుకుంట అడిగేది, "ఏమే సునందా, ఆ ఐదోడు దొరికిండా? నువ్వు ఏం చేస్తున్నవ్ మరి ఆఫీసుల?" అని. నాకు రోషం రాదా? దొరుకుతడు అత్తమ్మా, ఎక్కడికి వోతడు అని పంతంగ చెప్పేది నేను.

సరే, మొన్న నా సాక్ష్యం ఉండె. ఇస్త్రీ చేసిన కాటన్ చీర కట్టుకొని, ఫైలు సంకల వెట్టుకొని, పెద్దపల్లి బస్సెక్కిన. కోర్టు ముంగట మైకులు, కెమెరాలు. ఎట్లనో సందు చేసుకొని లోపటికి వోయిన. ముద్దాయి తరపున హైదరాబాద్ నుంచి పెద్ద లాయర్‌ను తెచ్చుకున్నరు. మెరిసే బూట్లు, మెల్లగ మాట. గసొంటోళ్ల తోనే భయం.

మొదటి గంట నన్ను ఏమేం అడిగిండో తెలుసా? ఎమ్మెస్సీ ఎన్ని సార్లు రాసి పాసైనవ్ అన్నడు. సుగుణక్క పాటలు వింటవా అన్నడు. వింట అన్న. "అంటే ఆవిడ మీద అభిమానంతో దర్యాప్తు చేశారన్నమాట" అన్నడు! గీ జిల్లాల ఆమె పాట విననోడు ఒక్కడు దొరికితె తెండ్రి, వాన్నే క్లూస్ టీంల వేసుకుందం! నోటిదాక వచ్చింది గనీ మింగిన.

తర్వాత ఇంకోటి. "అమ్మా, ఇది బొగ్గు ఊరు. ప్రతి ఇంట్లో నల్లటి దుమ్మే కదా. మీరు వేలిముద్ర అంటున్నది బొగ్గు మరక కాదని గ్యారంటీ ఏమిటి?"

ఇగ ఆగలేకపోయిన. "సార్, నేను బొగ్గుబాయి కార్మికుని బిడ్డను. ఓపెన్‌కాస్టు బాయిల బ్లాస్టింగ్ అయితె మా ఇంట్ల గిన్నెలు మోగుతయ్. బొగ్గు దుమ్ము ఎట్లుంటదో, పౌడర్ ఎట్లుంటదో మీరు నాకు చెప్పాల్నా? బొగ్గు మరకకు గీతలు ఉండయ్ సార్, వేలికి ఉంటయ్" అన్న.

కోర్టుల ఉన్నోళ్లంత నవ్విండ్రు. జడ్జి మేడం గూడ పెన్ను నోటికి అడ్డం పెట్టుకున్నది. నాకు ఇగ ఆకాశం అందినట్టయింది. గదే తప్పు!

లాయర్ సైగ చేసి, తెర మీద ఐదో వేలిముద్ర ఫొటో పెట్టించిండు. గోడంత పెద్దగ కనవడుతున్నది. "సరే. వేలికి గీతలుంటాయన్నారు. ఈ గీతలెవరివి? ఆ గదిలోకి వెళ్లిన అందరి వేలిముద్రలూ తీసుకున్నారా?"

"తీస్కున్న సార్."

"ఒక్కరిని కూడా వదలలేదు?"

"ఒక్కర్ని ఇడువలె."

"అయితే ఇది హంతకుడిది. అసలు మనిషి బయట తిరుగుతున్నాడు. మా క్లయింట్ అమాయకుడు జైల్లో ఉన్నాడు" అని జడ్జి మేడం వైపు తిరిగి మొదలువెట్టిండు. నాకు కోపం వచ్చి బోను కట్టెను గట్టిగ పట్టుకున్న. పట్టుకొని కిందికి చూసిన. నా ఎడమచేతి బొటనవేలు కనవడ్డది. దాని మీద అడ్డంగ ఒక గీత. ఎప్పుడో మామిడికాయలు కోస్తుంటె కత్తిపీటకు తెగింది.

మళ్ల తెర దిక్కు చూసిన. తెర మీద వేలిముద్రకు గూడ అడ్డంగ తెల్లటి గీత.

మళ్ల వేలు చూసిన. మళ్ల తెర చూసిన.

 రెండేండ్లు! గా గీతను రెండేండ్లు లెన్సు పెట్టి చూసిన నేను. "పాత గాయం గుర్తు ఉన్నది" అని రిపోర్టుల నేనే రాసిన. రిపోర్టు రాసిన చెయ్యి కుడిది, గాయం ఉన్న చెయ్యి ఎడమది. రెండు చేతులు ఒకదానికొకటి చెప్పుకోలె!

అప్పుడు యాదికొచ్చింది. ఎండకాలం, కరెంటు లేదు. చెమటకు గ్లౌజు చినిగింది. కొత్తది తొడుక్కుందమని తీసిన. గప్పుడే బీరువా తలుపు ఊగి మీదికొచ్చింది. అద్దం మీద బొటనవేలు వెట్టి ఆపిన. ఆపి, గ్లౌజు తొడుక్కొని, అదే తలుపు మీద పౌడర్ చల్లిన. అందరి వేళ్లకు ఇంకు పూసిన నేను, నా వేళ్లకు పూసుకోలె. రూంలకు నేను గూడ పోయిన్నని నాకే సోయి లేదు!

లాయర్ ఇంకా మాట్లాడుతనే ఉన్నడు. సప్పుడు చెయ్యకపోతె ఎవరికీ తెల్వదు. చెప్తె నా నౌకరి వోవచ్చు. చెప్పకపోతె గా ఐదో మనిషి పేరు చెప్పుకొని, నాలుగోడు బయటికి వోతడు. వెనుక బెంచీ మీద సుగుణక్క తల్లి కూసున్నది. కొంగు పట్టుకొని నన్నే చూస్తున్నది. 

లాయర్ గిర్రున నా దిక్కు తిరిగిండు. "చెప్పండమ్మా! రెండేళ్లు వెతికారు కదా, ఆ ఐదో మనిషి ఇప్పుడెక్కడున్నాడో కనీసం చెప్పగలరా?"

"చెప్త సార్," అన్న. "బోనుల ఉన్నది. అది నా వేలే."

 మా సర్కారు వకీలు సారు ఫైలు మొఖానికి అడ్డం వెట్టుకున్నడు.

ముందు లాయర్‌కు ఎంత సంతోషం అయిందో! "చూడండి మేడం, ఎంత నిర్లక్ష్యం! సొంత వేలిముద్రను గుర్తుపట్టలేని నిపుణురాలు!" అని నన్ను ఉతికి ఆరేసిండు. బ్రష్ పట్టుడు రాదన్నడు. ఇంటికాడ ముగ్గులు వేసుకోవాలె అన్నట్టు మాట్లాడిండు. తల వంచుకొని విన్న.  ముగ్గు వేసినా గా సున్నంల వేలు వెట్టేదాన్నే నేను.

ఆయన దమ్ము తీస్కునేటందుకు ఆగంగనే జడ్జి మేడం నెమ్మదిగ అడిగింది, "అయితే లాయర్ గారూ, మీరు చెబుతున్న ఐదో మనిషి లేనట్టేనా?"

 అప్పుడు అర్థమైంది ఆయనకు. ఐదోది నాదైతె మిగిలింది ఎవరు? సుగుణక్క, ఆయన క్లయింట్! ఎన్నడు అడుగువెట్టని ఇంట్ల!

వెంటనే మాట మార్చిండు. "లేదు మేడం! సాక్షి అబద్ధం చెబుతున్నారు. అది ఈమె వేలిముద్ర కాదు!"

చెప్పుండ్రి, ఎట్లుంటది? ఇప్పటిదాక నా పని నాకు రాదంటివి, పడ్డ. ఇప్పుడు నా వేలు నాది కాదంటవా! "సార్, నలభై ఏండ్ల సంది నా చేతికే ఉన్నది ఇది!" అని బోనుల నుంచి బొటనవేలు లేపి చూపెట్టిన. "శాంతించండమ్మా, చెయ్యి దించండి" అన్నది జడ్జి మేడం. దించిన.

అక్కడికక్కడ ఇంకు ప్యాడ్ తెప్పిచ్చింది. కోర్టు కానిస్టేబుల్ నా వేలు పట్టుకొని ఒత్తుతుంటె పక్కింటి అవ్వ ఎందుకు ఏడ్చిందో గప్పుడు తెలిసింది. నా తర్వాత సాక్ష్యం చెప్పేటందుకు కరీంనగర్ నుంచి వచ్చిన మా సీనియర్ సారు వరండల ఉండె. ఆయనతోని పోల్పిచ్చిండ్రు. సారు లెన్సు పెట్టి చూసి, నా దిక్కు చూసి, మళ్ల లెన్సుల చూసి, "ఈమెదే మేడం" అన్నడు. ఆ చూపు నేను సచ్చేదాక మర్సిపోను. సాక్ష్యానికే వచ్చిన శంకరన్నయితె వెనుక నుంచి "రూలంటె రూలే చెల్లే" అన్నడు. ఇనవడనట్టే ఉన్న.

తీర్పు ఇంకా రాలె. కానీ ఐదో మనిషి ముచ్చట ఇగ ఎత్తొద్దని చెప్పింది మేడం.

బయటికొస్తుంటె వరండల సుగుణక్క తల్లి చెయ్యి పట్టుకున్నది. తిడుతది అనుకున్న. తిట్టినా పడాలె. "రెండేండ్ల సంది తలుపుకు రెండు గొళ్లాలు వెట్టుకొని పంటున్న బిడ్డా," అన్నది. "ఆ ఐదోడు ఎవడో, మళ్ల వస్తడో ఏమో అని. నువ్వేనా?" అని నా బొటనవేలు అట్లనే పట్టుకొని ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన. ఆమె చీర కొంగుకు నా ఇంకు అంటింది.

గోదావరిఖని బస్టాండుల దిగినంక సమ్మయ్య ఆటో ఏడున్నదో దేవులాడుకొని పోయి ఎక్కిన. "తప్పైంది సమ్మన్నా" అన్న. అద్దంల నన్ను చూసుకుంట,  "రోజు నా ఆటోలనే ఎక్కుండ్రి మేడం, పదిమంది చూడాలె" అన్నడు. ఎక్కుతున్న. రోజు పొద్దుగాల కమాన్ కాడ అందరు చూసేటట్టు ముంగటి సీట్లనే కూసుంటున్న.

టీవీలోళ్లకు మాత్రం సిగ్గు లేదు! ఐదో మనిషి మీద రెండేండ్లు బతికి, ఇప్పుడు నా ఫొటో పెట్టి "లేడీ ఆఫీసర్ లీల" అంటున్నరు. మా అత్తమ్మ గా వార్త గూడ చూసుకుంటనే బువ్వ తింటున్నది. "ఫొటో మంచిగనే వచ్చింది" అన్నది.

కోర్టు అయిన తెల్లారి ఆఫీసుకు వోయిన. మెమో ఇస్తరని తెలుసు, గుండె గట్టి చేసుకున్న. రాత్రంత సబ్బు, నిమ్మకాయ, ఇటుక పొడి వెట్టి రుద్దిన గనీ ఇంకు పోలె, పైన తోలు మాత్రం పోయింది. గేటు కాడ హాజరు మిషన్ల గదే బొటనవేలు వెట్టిన. గుర్తించలేదన్నది. మళ్ల వెట్టిన. గుర్తించలేదన్నది. మూడోసారి గూడ గదే మాట. వెనుక లైను పెరుగుతున్నది. గా మిషన్ నోరు వడిపోను అని తిడుదమని నోరు తెరిచిన, మళ్ల మూసుకున్న. దాన్ని నేనెట్ల తిడుత? రెండేండ్లు లెన్సు పెట్టి చూసి నేనే గుర్తువట్టలె, అది మూడు సార్లకు ఎట్ల గుర్తువడుతది!